రక్తంలో దొరికిన డీఎన్‌ఏ ముక్క ఏ కణానిది? హనుమకొండలో చూసిన ఒక కేసు

ఒక్క రక్త పరీక్షతో క్యాన్సర్ ఉందో లేదో, ఒంటి అసలు వయసు ఎంతో చెప్తామనే ప్యాకేజీలు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఇంటికొచ్చి రక్తం తీసుకుని వెళ్తున్నాయి. వాటి రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా పెరిగారు. అందులో ఒక కేసు ఇది. రోగి, కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేపథ్యం

ఆయనకు 68 ఏళ్లు. ఉత్తర తెలంగాణ బొగ్గు గనుల్లో పనిచేసి రిటైర్ అయ్యారు. భార్యతో కలిసి హనుమకొండలో కూతురింట్లో ఉంటున్నారు. బీపీ ఉంది, మాత్ర మానకుండా వేసుకుంటారు. షుగర్ అంచు మీద ఉంది. బీడీ చాలా ఏళ్ల అలవాటు. "తగ్గించిన సారూ" అంటారు, భార్య ముఖం చూస్తే ఆ తగ్గింపు ఎంతో అర్థమవుతుంది. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద గంటసేపు నడుస్తారు. దగ్గు, ఆయాసం, రక్తం పడటం లాంటివేవీ లేవు.

కొడుకు అమెరికాలో ఉంటాడు. మే నెలలో సెలవు మీద వచ్చినప్పుడు అమ్మానాన్నలకు ఫుల్ బాడీ చెకప్ చేయించాలనుకున్నాడు. మామూలు ప్యాకేజీకి ఇంకొంత కలిపితే 'క్యాన్సర్, వయసు' పరీక్ష కూడా వస్తుందంటే తండ్రికి అది కూడా రాయించాడు. తండ్రి మీద ప్రేమతో చేసిన పనే. ఆ వయసులో అలాంటి లక్షణాలు లేని మనిషికి నేనైతే ఆ పరీక్ష రాయను. కానీ రిపోర్టు వచ్చాక ఆ మాట అని లాభం లేదు. వచ్చినదాన్ని ఎలా చదవాలన్నదే ప్రశ్న.

సమస్య

రిపోర్టులో మూడు విషయాలు ఉన్నాయి. ప్లాస్మాలో (రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) తేలే డీఎన్‌ఏ మొత్తం మిల్లీలీటరుకు 84 నానోగ్రాములు, 'చాలా ఎక్కువ' అని ఎర్ర రంగులో. టీపీ53 జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉన్న ముక్కలు 3.4 శాతం. జీవ వయసు, అంటే వాళ్లు చెప్పే ఒంటి అసలు వయసు, 79. కింద చిన్న అక్షరాల్లో 'వైద్యుడి పరీక్షతో సరిపోల్చుకోవాలి' అనే మామూలు వాక్యం.

కొడుకు ఇంటర్నెట్‌లో టీపీ53 అని కొట్టి చూశాడు. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో చెడిపోయి కనిపించే జన్యువు అదే. ఇక ఆ ఇంట్లో నిద్ర లేదు. అతని సెలవు అయిపోయేలోపు హైదరాబాద్ తీసుకెళ్లి పెట్ స్కాన్ చేయించారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 9 మిల్లీమీటర్ల చిన్న గడ్డ, కొంత సున్నం పట్టి ఉంది, స్కాన్‌లో కొద్దిగా వెలిగింది. బీడీ, బొగ్గు ధూళి, రక్తంలో టీపీ53, ఊపిరితిత్తిలో గడ్డ అన్నీ ఒక్క కాగితం మీద పక్కపక్కన పెడితే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. అక్కడి డాక్టర్ సూదితో గడ్డ ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేద్దామన్నారు. పెద్దపేగు, జీర్ణాశయం ఎండోస్కోపీలు, ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏ రక్త పరీక్ష కూడా అప్పటికే అయిపోయాయి, వాటిలో ఏమీ లేదు.

బయాప్సీకి తేదీ కూడా ఇచ్చేశారు. దానికి ముందు ఇంకో అభిప్రాయం కావాలని కూతురు నా దగ్గరికి తీసుకొచ్చింది. కొడుకు అప్పటికే వెళ్లిపోయాడు, ఫోన్లో వీడియో కాల్‌లో ఉన్నాడు. పెద్దాయన కూర్చోగానే అన్నారు: "నాకు క్యాన్సర్ ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పుండ్రి డాక్టర్ సాబ్. వయసు 79 అని రాసిండ్రు గదా, పింఛనన్న పెంచుతరా?"

నవ్వించాలని అన్నారు కానీ ఆ నెలలో ఆయన నాలుగు కిలోలు తగ్గారు. హైదరాబాద్ ఫైల్లో 'బరువు తగ్గుదల ఉంది' అని క్యాన్సర్‌కు అనుకూలమైన లక్షణంగా రాసుకున్నారు. నేను తేదీలు అడిగాను. కూతురు షుగర్ చెకప్ పుస్తకం తీసింది. రిపోర్టు రాకముందు, ఏడాదిగా, బరువు ఒకేలా ఉంది. తగ్గిందంతా రిపోర్టు వచ్చాకే. "అన్నం ముద్ద దిగుతలేదు" అని భార్య చెప్పింది. అంటే బరువు తగ్గింది జబ్బు వల్ల కాదు, రిపోర్టు టెన్షన్ వల్ల. ఆ లక్షణాన్ని పక్కన పెట్టేశాను. పరీక్షే ఒక లక్షణాన్ని పుట్టించి, ఆ లక్షణం తిరిగి పరీక్షకు బలం చేకూర్చడం ఈ మధ్య తరచూ చూస్తున్నాను.

ముందుగా రక్తంలో ఈ ముక్కలు ఏమిటి

మన కణాలు రోజూ కోట్లలో చనిపోతుంటాయి. చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలై రక్తంలో కొంతసేపు తిరుగుతుంది. దీన్ని 1948లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో మాండెల్, మెటే అనే ఇద్దరు మొదట గుర్తించారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1997లో డెనిస్ లో (Dennis Lo) అనే శాస్త్రవేత్త బృందం గర్భిణి ప్లాస్మాలో కడుపులోని బిడ్డ డీఎన్‌ఏ కూడా ఉంటుందని చూపించాక దృష్టి పడింది. ఈరోజు గర్భిణులకు డౌన్ సిండ్రోమ్ కోసం చేసే రక్త పరీక్ష అందులోంచి వచ్చిందే.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి సాధారణంగా మిల్లీలీటరు ప్లాస్మాకు పది నానోగ్రాముల లోపు ఉంటాయి. ఎక్కువ ముక్కల పొడవు 166 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవుకు కొలత ఇది) దగ్గర ఉంటుంది. డీఎన్‌ఏ ప్రోటీన్ చుట్టలకు చుట్టుకుని ఉంటుంది కదా, ఎంజైములు ఆ చుట్టల మధ్యలో కోస్తాయి, అందుకే ఆ పొడవు. రక్తంలో వీటి ఆయుష్షు గంటా రెండు గంటలకు మించదు, చాలావాటిని కాలేయం తీసేస్తుంది.

ఇక అవి ఎక్కడివి? ఎక్కువ భాగం రక్త కణాలవే. మిథైలేషన్ గుర్తులను (డీఎన్‌ఏ మీద ఉండే, ఏ రకం కణమో చెప్పే రసాయన గుర్తులను) బట్టి 2018లో వేసిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతుల్లో సగానికి పైగా తెల్ల రక్త కణాలవి, దాదాపు 30 శాతం మూలుగలో ఎర్ర కణాలుగా మారబోయే కణాలవి, రక్తనాళాల లోపలి పొరవి పది శాతం, కాలేయానివి ఒక్క శాతం. ఈ కేసంతా ఈ లెక్క మీదే నిలబడింది. ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ డీఎన్‌ఏ ఈ గుంపులో చాలా చిన్న భాగం. ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద రాలిన మిర్చి చూసి అది ఏ రైతు బస్తాలోదో చెప్పమన్నట్టు ఉంటుంది ఈ పరీక్ష. చెప్పవచ్చు, కానీ ఏ బస్తాలు చినిగాయో ముందు చూడాలి.

నా మొదటి అనుమానం: 84 అనే అంకె

టీపీ53 కన్నా ముందు నాకు తేడాగా అనిపించింది మొత్తం పరిమాణం. ముదిరిన క్యాన్సర్‌లో, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో, గుండెపోటులో, పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఇంత పెరగవచ్చు. భద్రకాళి బండ్ మీద గంట నడిచే మనిషిలో ఇంత ఎందుకు? రక్తం ఎలా తీశారని అడిగాను.

భార్యకు అన్నీ గుర్తున్నాయి. "పొద్దుగాల వాకింగ్ నుంచి వచ్చి ఇంక చెమట గూడ ఆరలే, గప్పుడే తీసిండు. వంకాయ రంగు మూత సీస. మిగతా ఇండ్లు గూడ తిరిగి మధ్యాహ్నం బస్సుకు పంపుతమన్నడు."

ఆ రెండు మూడు మాటల్లో చాలా ఉంది. గట్టిగా వ్యాయామం చేస్తే ఈ ముక్కలు నిమిషాల్లో పెరిగి గంటా రెండు గంటల్లో తగ్గిపోతాయి. నడకకు అంత పెరగవు కానీ పరీక్షకు ముందు కూర్చోబెట్టాల్సిందే. అసలు విషయం ఆ వంకాయ రంగు మూత. అది మామూలు ఈడీటీఏ ట్యూబ్. అందులో రక్తం గడ్డకట్టదు కానీ తెల్ల కణాలు గంటలు గడిచేకొద్దీ పగులుతూనే ఉంటాయి. అందుకే ఈ పరీక్షకు ఈడీటీఏ ట్యూబ్ వాడితే కొద్ది గంటల్లోనే సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో గిర్రున తిప్పి) ప్లాస్మా వేరు చేయాలి, అది కూడా రెండు విడతలుగా, రెండోసారి ఎక్కువ వేగంతో. లేదా కణాలు పగలకుండా నిలిపే ప్రత్యేక ట్యూబ్‌లో తీయాలి, అందులో రోజుల తరబడి నిలుస్తుంది. ఇక్కడేమో రక్తం మే నెల వరంగల్ ఎండలో ఊరంతా తిరిగి, బస్సెక్కి హైదరాబాద్ చేరింది. ఎప్పుడు సెంట్రిఫ్యూజ్ చేశారో రిపోర్టులో లేదు.

ఊహ మీద ఆగలేదు. ముక్కల పొడవు చూపించే గ్రాఫ్ పంపమని ల్యాబ్‌ను అడిగాను. అది వాళ్లు ఎలాగూ చూస్తారు, రిపోర్టులో పెట్టరు. కొన్ని మెయిళ్ల తర్వాత వచ్చింది. 166 దగ్గర చిన్న శిఖరం ఉంది. దానికి కుడివైపు, వేల బేస్ జతల పొడవు దగ్గర, కొండంత ఉబ్బు. ఒంట్లో సహజంగా చనిపోయిన కణాల డీఎన్‌ఏ అంత పొడవుగా ఉండదు. అది ట్యూబ్‌లో పగిలిన తెల్ల కణాలది. 84లో ఎక్కువ భాగం ఆయన ఒంట్లో లేదు, ట్యూబ్‌లో పుట్టింది.

అయితే ఇక్కడ తొందరపడి 'రిపోర్టు తప్పు, ఇంటికి పొండి' అనడానికి లేదు. పరిమాణం తప్పైనంత మాత్రాన టీపీ53 తప్పు కాదు. పైగా తెల్ల కణాల డీఎన్‌ఏ అంత కలిసినా ఇంకా 3.4 శాతం కనిపిస్తోందంటే, ఆ మ్యుటేషన్ గడ్డదే అయితే, అసలు శాతం ఇంకా ఎంతో ఎక్కువ ఉండాలి. ఈ ఆలోచన ఒక దారి చూపించింది, దాని గురించి కింద చెప్తాను.

గడ్డ సంగతి

రక్తం రిపోర్టును కాసేపు పక్కన పెట్టి నన్ను నేను అడిగిన ప్రశ్న ఒకటే. ఆ కాగితం లేకుండా ఈ గడ్డ ఒక్కటే నా ముందుకొస్తే వెంటనే సూది పెట్టిస్తానా? మన దగ్గర టీబీ మచ్చలు సర్వసాధారణం. పాత టీబీ గానీ, బొగ్గు ధూళి గానీ పెట్ స్కాన్‌లో కొద్దిగా వెలగడం మామూలే. సున్నం కొంత పట్టి ఉంది. 9 మిల్లీమీటర్ల గడ్డను అశ్రద్ధ చేయకూడదు, బీడీ చరిత్ర ఉంది. కానీ మూడు నెలలకు మళ్లీ సీటీ తీయడం కూడా ప్రామాణిక దారుల్లో ఒకటే. ఇక ఆయన ఊపిరితిత్తులు బీడీకి ఉబ్బి ఉన్నాయి, సీటీలో ఎంఫిసీమా స్పష్టంగా ఉంది. అలాంటి ఊపిరితిత్తిలో సూది పెడితే గాలి లీకై ఊపిరితిత్తి కుంగిపోయే ప్రమాదం ఎక్కువ.

రెండోది, కొలత. లండన్ కేంద్రంగా జరిగిన ట్రేసర్ఎక్స్ అధ్యయనం 2017లో ఊపిరితిత్తి క్యాన్సర్ల మీద ఒక అంచనా ఇచ్చింది. పది ఘన సెంటీమీటర్ల గడ్డ ఉంటే ప్లాస్మాలో దాని మ్యుటేషన్ దాదాపు 0.1 శాతం కనిపిస్తుంది. ఈయన గడ్డ అర ఘన సెంటీమీటరు కూడా లేదు. అంత చిన్న గడ్డ 3.4 శాతం ముక్కలు విడుదల చేస్తుందంటే నమ్మడం కష్టం. మ్యుటేషన్ క్యాన్సర్‌దే అయితే ఇంకెక్కడో చాలా పెద్ద గడ్డ ఉండాలి, అది పెట్ స్కాన్‌లో కనపడలేదు. అంటే గడ్డ, మ్యుటేషన్ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పడం లేదు. రెండూ వేర్వేరు విషయాలు కావచ్చు.

మూడోది పెద్దాయనే ఇచ్చారు. గనుల్లో పనిచేసేవాళ్లకు కొన్నేళ్లకోసారి చట్టప్రకారం వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. పాత ఫిల్ములు ఏమైనా ఉన్నాయా అంటే, బీరువా వెనుక పెట్టిన కవరు కూతురు మర్నాడు తెచ్చింది. రిటైర్మెంట్‌కు ముందరి ఫిల్మ్ అంచులు పసుపుపచ్చబడి ఉంది. లైట్ బాక్స్ మీద పెడితే కుడివైపు, పై పక్కటెముకల మధ్య, అదే చోట తెల్లని చుక్క. రేడియాలజిస్టుకు చూపించాను, ఆయనా అదే అన్నారు. ఎన్నో ఏళ్లుగా పెరగకుండా కూర్చున్న గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం బాగా తక్కువ. బయాప్సీ వాయిదా వేద్దామన్నాను. కొడుకు వెంటనే ఒప్పుకోలేదు, "రిస్క్ ఎందుకు సార్, తీసేస్తే పోతది గదా" అన్నాడు. సూదిలో ఉన్న రిస్క్ కూడా అతనికి లెక్క కట్టి చెప్పాక మూడు నెలల సీటీకి ఒప్పుకున్నాడు.

పనికిరానివి

మొదటి ల్యాబ్ 'సగం ధరకు మళ్లీ చేస్తాం' అంది. అదే ట్యూబ్, అదే ప్రయాణం, అదే ప్లాస్మా. మళ్లీ టీపీ53 వస్తే ఇప్పుడున్న చోటే ఉంటాం, రాకపోతే ఏది నమ్మాలో తెలియదు. వద్దన్నాను. అంతకుముందు చేసిన ట్యూమర్ మార్కర్లు, ఎండోస్కోపీలు కూడా ఇలాంటివే. అవి 'ఇక్కడ లేదు' అని మాత్రమే చెప్తాయి. 'లేదు' అని ఎన్ని చోట్ల విన్నా కుటుంబానికి ఊరట రాలేదు, ఎందుకంటే కాగితం మీద 'ఉంది' అని ఒక మాట ఇంకా అలాగే ఉంది.

ఇంకో మాట. ఇంటర్నెట్ చదివిన కొడుకు తన గురించి కూడా భయపడ్డాడు. "ఇది మాకు గూడ వస్తదా సార్?" అన్నాడు. తండ్రి నుంచి బిడ్డకు వచ్చే టీపీ53 లోపం ఒకటి ఉంది నిజమే. కానీ పుట్టుకతో వచ్చిన మ్యుటేషన్ ఒంట్లో ప్రతి కణంలో ఉంటుంది, రెండు కాపీల్లో ఒకటి, అంటే దాదాపు 50 శాతం కనిపించాలి. 3.4 శాతం అంటే అది ఆయన జీవితకాలంలో, కొన్ని కణాల్లో పుట్టింది. పిల్లలకు ఏ పరీక్షా అక్కర్లేదని ఆ రోజే చెప్పేశాను. ఆ ఒక్క మాటకు ఫోన్ అవతల ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

పనిచేసింది

అప్పటికి నా అనుమానం తెల్ల కణాల మీద ఉంది. దానికి కారణం రిపోర్టు అనుబంధం పేజీలోనే దొరికింది. అక్కడ డీఎన్‌ఎమ్‌టీ3ఏ అనే జన్యువులో ఇంకో మార్పు రాసి, 'ప్రాముఖ్యత తెలియదు' అని వదిలేశారు. ఊపిరితిత్తి గడ్డ గురించి ఆలోచిస్తుంటే ఆ పేరు పెద్దగా పట్టదు. మూలుగ గురించి ఆలోచిస్తే మాత్రం మొదట గుర్తొచ్చే పేరు అదే.

వయసు పెరిగేకొద్దీ మూలుగలోని ఏదో ఒక మూలకణంలో మ్యుటేషన్ వస్తుంది. అది ఆ కణానికి కొంచెం ఎక్కువ బలం ఇస్తే దాని సంతానం పెరిగి రక్తంలో ఒక గుంపుగా తయారవుతుంది. క్యాన్సర్ కాదు, రక్త కణాల లెక్క కూడా మామూలుగానే ఉంటుంది. దీన్ని క్లోనల్ హెమటోపాయిసిస్ అంటారు. మ్యుటేషన్ రెండు శాతం దాటితే 'చిప్' అని పిలుస్తారు. 2014లో వచ్చిన పెద్ద అధ్యయనాలు నలభై ఏళ్ల లోపు ఇది అరుదని, డెబ్బై దాటినవారిలో పదిమందిలో ఒకరికి ఉంటుందని చూపించాయి. ఎక్కువగా డీఎన్‌ఎమ్‌టీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 జన్యువుల్లో వస్తుంది, టీపీ53లో కూడా వస్తుంది. ఆ కణాలు చనిపోయినప్పుడు వాటి ముక్కలూ ప్లాస్మాలోకే వస్తాయి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో క్యాన్సర్ లేనివారి ప్లాస్మాలో దొరికిన మ్యుటేషన్లలో ఎనభై శాతానికి పైగా ఇలా తెల్ల కణాల నుంచి వచ్చినవే. ఇది తెలిశాక, ప్లాస్మా ఒక్కటే చూసి తెల్ల కణాలు చూడని రిపోర్టుకు నేను 'క్యాన్సర్' అనే మాట వాడను.

కాబట్టి రెండు పనులు ఒకేసారి చేశాం. ఆయన్ను క్లినిక్‌లోనే అరగంట కూర్చోబెట్టి, ప్రత్యేక ట్యూబ్‌లో రక్తం తీసి, తెల్ల కణాలను కూడా విడిగా సీక్వెన్స్ చేసే (వాటి డీఎన్‌ఏ అక్షరాలు చదివే) వేరే ల్యాబ్‌కు పంపాం. ఖర్చు గురించి కుటుంబంతో ముందే మాట్లాడాను. ఇది పెట్ స్కాన్ కన్నా తక్కువే, ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబిస్తుంది.

రిపోర్టు వచ్చింది. ప్లాస్మాలో డీఎన్‌ఏ మొత్తం 9 నానోగ్రాములు, అంటే మామూలు. పొడవైన ముక్కల ఉబ్బు లేదు, 166 దగ్గర చక్కని శిఖరం. టీపీ53 ప్లాస్మాలో 3.1 శాతం, తెల్ల కణాల్లో 3.3 శాతం. డీఎన్‌ఎమ్‌టీ3ఏ కూడా రెండింట్లో దాదాపు ఒకేలా ఉంది.

తెల్ల కణాల ఫలితం చూడకపోయినా, రెండు ప్లాస్మాలను పోల్చినా జవాబు తెలిసేది. పైన దారి అన్నది ఇదే. మొదటి శాంపిల్‌లో 84లో 3.4 శాతం అంటే 2.9 నానోగ్రాముల మ్యుటేషన్ ముక్కలు. అవి గడ్డవే అయితే, పగిలిన తెల్ల కణాల చెత్త తీసేశాక, మొత్తం 9కి పడిపోయినప్పుడు వాటి శాతం ముప్పై దాకా ఎగబాకాలి. కానీ మూడు దగ్గరే నిలిచింది. చెత్త తగ్గినంత మేరకు మ్యుటేషన్ కూడా తగ్గింది. అంటే మ్యుటేషన్ ఆ చెత్తలోనే ఉంది, అంటే తెల్ల కణాల్లోనే. మొదటి ల్యాబ్ ట్యూబ్‌ను పాడుచేయకపోతే ఈ సాక్ష్యం నాకు దొరికేది కాదు. ఇలాంటిది పాఠ్యపుస్తకాల్లో రాయరు.

మూడు నెలల సీటీలో గడ్డ అంతే ఉంది. బయాప్సీ రద్దు చేశారు.

వయసు లెక్క

79 గురించి కూడా పెద్దాయనకు జవాబు చెప్పాలి కదా. వయసుతో పాటు రక్తంలో ఈ ముక్కలు పెరగడం నిజం. ఫిన్లాండ్‌లోని టాంపెరేలో తొంభై ఏళ్లు దాటినవారి మీద జరిగిన అధ్యయనాల్లో యువకుల కన్నా వీళ్లలో ఎక్కువ డీఎన్‌ఏ ఉంది, ఎక్కువ ఉన్నవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో మంట), బలహీనత కూడా ఎక్కువ కనిపించాయి. అదంతా గుంపుల లెక్క. ఒక మనిషి చేతికి ఒక అంకె ఇవ్వడం వేరు. మిథైలేషన్ గడియారాలదీ అదే కథ. 2013లో స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల మిథైలేషన్ చూసి వయసు చెప్పే లెక్క తయారు చేశాక అలాంటివి చాలా వచ్చాయి. ఒకే రక్తం శాంపిల్‌ను రెండుసార్లు పరీక్షించినా వాటిలో కొన్నింటికి తొమ్మిదేళ్ల దాకా తేడా రావచ్చని తర్వాత తేలింది. ఇక్కడైతే ఆ వయసు లెక్కలోకి వెళ్లిన డీఎన్‌ఏలో ఎక్కువ భాగం ఎండలో పగిలిన తెల్ల కణాలది. "79 మీది కాదు, ఆ సీసాది" అన్నాను. గట్టిగా నవ్వారు. ఆ నెలలో అదే మొదటి నవ్వని కూతురు చెప్పింది.

నిజానికి ఆయన ముసలితనం గురించి ఈ పరీక్ష ఒక మాట చెప్పింది, కానీ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో కాదు. మూలుగలో ఈ గుంపు ఉండటమే వయసు వేసిన గుర్తు. దానికి పట్టించుకోవాల్సిన అర్థం ఉంది. చిప్ ఉన్నవారిలో ఏటా వందలో ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో రక్త క్యాన్సర్ వస్తుంది. టీపీ53 లాంటి మ్యుటేషన్ ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ వైపు ఉంటుంది, రెండు మ్యుటేషన్లు ఉండటం కూడా అటువైపే తూగుతుంది. కుటుంబం ఊహించనిది ఇంకొకటి ఉంది. 2017లో వచ్చిన అధ్యయనాల్లో చిప్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. ఈ కణాల నుంచి పుట్టే తెల్ల కణాలు రక్తనాళాల గోడల్లో మంటను పెంచుతాయని ఎలుకల ప్రయోగాలు చూపించాయి.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

చిప్‌కు ఇవ్వాల్సిన మందు ఇప్పటికి లేదు. రక్త కణాల లెక్క, ఎర్ర కణం సైజు, వాటి సైజుల్లో తేడాను చెప్పే ఆర్‌డీడబ్ల్యూ, మైక్రోస్కోప్ కింద రక్తపు చుక్కను చూసే స్మియర్ అన్నీ మామూలుగా ఉన్నాయి. బీ12 తక్కువ ఉంటే ఆ లెక్కలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి అది కూడా చూశాను, సరిపోయింది. హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్) చూసి మూలుగ పరీక్ష ఇప్పుడు అవసరం లేదన్నారు. ఆరు నెలలకోసారి సీబీపీ, అంటే రక్త కణాల లెక్క. గుండె వైపు గట్టిగా పట్టుకున్నాం. కొలెస్టరాల్‌కు స్టాటిన్ మొదలుపెట్టాను, బీపీ లక్ష్యం కొంచెం కిందికి దించాను. బీడీ మానడానికి నాకు మొదటిసారి ఆయన దగ్గర బలమైన కారణం దొరికింది. పొగకు, ఈ గుంపులు పెరగడానికి సంబంధం ఉంది. ఆయన ఈసారి నిజంగానే మానారు, భార్య సాక్ష్యం చెప్పింది.

ఫైల్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒకటి రాసి ఇచ్చాను. ఎప్పుడైనా ఆయనకు ఏ కారణానికైనా కీమోథెరపీ గానీ రేడియేషన్ గానీ ఇవ్వాల్సి వస్తే ఈ రిపోర్టు ముందు చూపించాలని. టీపీ53 ఉన్న కణాలు ఆ మందులకు చావకుండా మిగిలి, మిగతావి చచ్చాక మరింత పెరుగుతాయి.

ఆ ప్యాకేజీ ఇంకా చేయించుకోవాలనుకునే వాళ్లు నన్ను అడిగితే నేను అడిగే ప్రశ్నలు ఇప్పుడు మారాయి. ఏ ట్యూబ్‌లో తీస్తారు? ఎన్ని గంటల్లో ప్లాస్మా వేరు చేస్తారు? తెల్ల కణాలను కూడా సీక్వెన్స్ చేస్తారా? పాజిటివ్ వస్తే తర్వాత ఎక్కడ చూడాలో వాళ్లే చెప్తారా? మూడో ప్రశ్నకు చాలామంది 'అది వేరే ప్యాకేజీ' అంటారు.

ఒక విషయంలో మాత్రం నాకూ హెమటాలజిస్టుకూ ఇంకా కుదరలేదు. ఏడాదికోసారి టీపీ53 శాతం మళ్లీ కొలవాలని ఆయన అంటారు. గుంపు వేగంగా పెరుగుతుంటే ముందే తెలుస్తుంది, టీపీ53ను తేలిగ్గా తీసుకోకూడదు అంటారు. శాతం మూడు నుంచి నాలుగైతే మనం చేసేది ఏమీ మారదు, ఆ ఇంట్లో మాత్రం మళ్లీ ఒక నెల అన్నం దిగదు అంటాను నేను. చివరికి పెద్దాయన్నే అడిగాం. "సీబీపీల తేడా వస్తే గప్పుడు జేద్దాం సారూ" అన్నారు. ప్రస్తుతానికి ఆయన మాటే నడుస్తోంది.